ఇరవైమూడు మార్కుల గొర్రు

కర్నూలు,
20 మార్చి 2024

చిరంజీవి తమ్ముడు శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

ఫోన్‌లో నువ్వు అరిచావు. నేను పెట్టేశాను. ఇద్దరిదీ తప్పే. ఇకమీదట ఈ విషయం కాగితం మీదే మాట్లాడుకుందాం. కాగితం మీద అరవాలంటే కాస్త ఆలోచించుకోవాలి.

ఆ పొద్దున షెడ్డులో ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా చెప్పమన్నావు. చెబుతున్నాను.

గురువారం. అయిదింటికి లేచాను. స్నానం చేసి మంత్రాలయం రాయరి పటానికి దీపం పెట్టి అష్టోత్తరం చదువుకున్నాను. అమ్మకు ఉగ్గాని చేసి పెట్టాను. పచ్చిమిరపకాయలు ఎక్కువయ్యాయని సగం వదిలేసింది. ఏడున్నరకు కల్లూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో మన షెడ్డుకు పోయాను. మారెన్న అప్పటికే వచ్చి షెట్టరు ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి బీడీ ఆర్పేశాడు. ముప్పై ఏళ్లుగా అంతే.

ఆలూరు రైతుకు విత్తనం వేసే తొమ్మిది సాళ్ల గొర్రు చేయాల్సి ఉంది. నాన్న గోడకు తగిలించిన కొలకర్రల్లో ఆలూరు పేరున్నది మారెన్న తీసుకున్నాడు. చట్రం మీద కర్ర పెట్టి, కొసకు వేళ్లు ఆనించి, సుద్దముక్కతో గీశాడు. కర్ర జరిపి మళ్లీ గీశాడు. ఎనిమిది సందులకు ఎనిమిది సార్లు. విత్తనం ఎంత దూరంలో పడాలో ఆ గీతలే చెబుతాయి.

పదింటికి నువ్వు పంపిన అరుణ్ కుమార్ హైదరాబాదు నుంచి వచ్చాడు. మీ కడప దుకాణం జయకుమార్ వెంట ఉన్నాడు. అరుణ్ కుమార్ మర్యాద తెలిసిన మనిషి. రాయరి పటం చూసి చెప్పులు బయటే విడిచాడు. కంప్యూటరు పెట్టుకోను చోటు లేక ఇనుము సాగగొట్టే దాగలి మీద పెట్టుకున్నాడు. మన కంపెనీ ఆన్‌లైన్ వ్యాపారానికి ఎంత సిద్ధంగా ఉందో చూడటానికి నలభై ప్రశ్నలున్నాయన్నాడు. అవును, లేదు, అంతే చెప్పాలన్నాడు.

"మీరు చేసే సామాన్ల జాబితా కంప్యూటరులో ఉందా అమ్మా?"

"లేదు."

"ఒక్కో రకానికి ఒక నంబరు ఉందా?"

"ఊరి పేరు ఉంది."

"అంటే, లేదు అని రాసుకోనా?"

"రాసుకో నాయనా."

కొనేవాళ్లు సరుకును చూడకుండా ఆర్డరు ఇవ్వగలరా అని అడిగాడు. మారెన్న విని, "సూడకుండా పెండ్లన్నా చేసుకుంటారు గానీ, గొర్రు యాడ కొంటారప్పా?" అన్నాడు. అరుణ్ కుమార్ నవ్వాడు. నవ్వుతూనే 'లేదు' అని రాసుకున్నాడు.

ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర నేను కొంచెం ఆగాను. పనికి కీలకమైన విషయం ఏదైనా ఒకరిద్దరికి మాత్రమే తెలిసి ఉందా అని. లేదన్నాను.

మేము మాట్లాడుకుంటున్నంత సేపూ జయకుమార్ గోడ మీది కర్రలన్నీ దించి టేపుతో కొలిచాడు. మారెన్న ఒక్కోదాన్ని చట్రం మీద పెట్టి పట్టుకుంటే ఫోటో తీశాడు. ఎందుకని నేను అడగలేదు. అతను చెప్పలేదు. మజ్జిగ తాగి వెళ్లారు.

ఇంతే జరిగింది.

సిద్దమ్మ


కడప,
2 ఏప్రిల్ 2024

అక్కకు,

రిపోర్టు వచ్చింది. నీకు ఒక కాపీ పెడుతున్నాను. రాయరి పటం పక్కన మేకు కొట్టి తగిలించుకో.

వందకు ఇరవైమూడు. 'ఈ సంస్థ ఎలక్ట్రానిక్ వ్యాపారానికి సిద్ధంగా లేదు' అని ఎర్ర అక్షరాల్లో ఉంది. హైదరాబాదు వాళ్ల వెబ్‌సైటులో మన గొర్లు అమ్మాలంటే యాభై రావాలి. వాళ్ల చుట్టూ పది నెలలు తిరిగాను. నువ్వు ఒక్క పొద్దున, మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టుకుని, ఇరవైఏడు సార్లు 'లేదు' అన్నావు. లెక్కపెట్టాను. కొంచెం సర్ది చెబితే ఏం పోయేది? జాబితా తయారవుతోంది అనొచ్చు. నంబర్లు వేస్తున్నాం అనొచ్చు. నీకు నిజం మీద అంత భక్తి అని నేను అనుకోను. నీ చేతిలో ఉన్నది ఏదీ నీ చెయ్యి దాటి పోకూడదు. ఆ షెడ్డు, ఆ గోడ, ఆ మారెన్న. నాన్న పోయి పదకొండేళ్లయింది. నేను షెడ్డులో అడుగుపెడితే ఇప్పటికీ చుట్టం వచ్చినట్టు కుర్చీ వేయిస్తావు.

మారెన్న జోకు కూడా రాశావు. నాకు నవ్వు రాలేదు. ఈ రోజుల్లో ఎద్దుల్నే ఫోన్‌లో ఫోటో చూసి కొంటాండారు. పోయి ఎవరినైనా అడుగు.

విను. నీ షెడ్డు సిద్ధంగా లేకపోతే ఉండనీ. నేను సిద్ధంగా ఉన్నాను. ఎర్రముక్కపల్లిలో జయకుమార్ బావమరిదికి వెల్డింగ్ షెడ్డు ఉంది. గొర్లు అక్కడే చేయిస్తాను. ఊరూరి కొలతలూ మా దగ్గర ఉన్నాయి. ఆ పొద్దున జయకుమార్ మిల్లీమీటర్లతో సహా రాసుకొచ్చాడు. నువ్వు ఎందుకని అడగలేదన్నావు కదా, ఇందుకు. ప్రతి గొర్రుకూ నంబరు, ఫోటో, కొలత ఉంటాయి. నాన్న పేరే పెడుతున్నాను. ఆయన నాకూ నాన్నే.

ఇక నీకు ఫోన్ చేయను. నీ కోరికే అది.

శ్రీకాంత్


కర్నూలు,
10 ఏప్రిల్ 2024

శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం, రిపోర్టు అందాయి. నిన్న ఉగాది. పచ్చడి నీ పేరున కూడా ఒక గిన్నెలో తీసి పెట్టింది అమ్మ. సాయంత్రం దాకా చూసి ఆవుకు పెట్టింది.

కొత్త షెడ్డు మొదలు పెట్టేటప్పుడు మంచి రోజు చూసుకో. పని చేసేవాళ్లకు కళ్లజోళ్లు కొనివ్వు.

~~~~~~~~~~~~~~~~~~~~~~~~~~~~

పైన ఒక వరుస కొట్టేశాను. ఏమీ అనుకోకు.

సిద్దమ్మ


కడప,
24 జూన్ 2024

అక్కకు,

నీకు సంతోషం కలగదని తెలిసే రాస్తున్నాను. నలభై ఆరు గొర్లు పోయాయి. ఆన్‌లైన్‌లో. ఇటు కమలాపురం నుంచి అటు మీ ఆలూరు దాకా. అవును, ఆలూరు కూడా. నీ గోడ కిందనుంచే పోయింది లారీ.

అరుణ్ కుమార్‌ను కడపకు పిలిపించి మళ్లీ అడిగించాను. అవే నలభై ప్రశ్నలు. అరవై ఒకటి వచ్చింది. ముప్పై ఒకటో ప్రశ్నకు ఆగలేదు నేను. మా దగ్గర ఎవరికీ తెలియనిది ఏదీ లేదు. అంతా తెర మీదే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

వానలు బాగా పడ్డాయి. అందరూ వేరుశనగ విత్తుతున్నారు. రైతులు ఫోన్‌లో చుక్కలు వేసి మెచ్చుకుంటున్నారు, అయిదుకు అయిదు నక్షత్రాలు. నీకు అర్థం కాదులే. నీ మేనకోడలు లక్ష్మీప్రియ చదివి వినిపిస్తుంటే కళ్లనీళ్లొచ్చాయి నాకు. ఇన్నేళ్లలో నన్ను మన ఇంట్లో ఒక్కరు మెచ్చుకున్నారా?

మారెన్న ఎట్లా ఉండాడు? ఊరికే కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని చెప్పు. ఒక మంచి ఫోన్ కొనిచ్చేది. సూడకుండా కొనేవాళ్లు ఎంతమంది ఉండారో చూసుకుంటాడు.

ఇంకొకటి. ఏప్రిల్ ఉత్తరంలో ఒక వరుస కొట్టేశావు. వెలుతురుకు పట్టి చూశాను. 'కర్ర' అనే మాట ఒక్కటి కనబడింది. మిగతాది పెన్నుతో కాగితం చిరిగేదాకా గీకేశావు. నువ్వు అంత గట్టిగా ఏ పనీ చేయగా నేను చూడలేదు. ఏం రాశావు?

శ్రీకాంత్


కర్నూలు,
2 జూలై 2024

శ్రీకాంత్‌కు,

గురువారం మంత్రాలయం వెళ్లివచ్చాను. తుంగభద్రలో నీళ్లు బాగున్నాయి. ఒక విషయం అడగడానికి వెళ్లాను. అడిగి, జవాబు తెలిసి కూడా, చేయకుండా తిరిగి వచ్చాను.

కొట్టేసింది కొట్టేసిందే.

సిద్దమ్మ


కడప,
26 జూలై 2024

సిద్దమ్మ గారికి,

ఈ పిలుపు చూసి బాధపడతారేమో. పడండి.

నిన్న కమలాపురం నుంచి సుంకన్న అనే రైతు దుకాణానికి వచ్చాడు. చేతిలో గోనెసంచి. దులిపితే బల్ల మీద వేరుశనగ మొక్కలు పడ్డాయి, వేళ్లతో సహా. పూతకొచ్చే మొక్కలు. దుకాణం నిండా మనుషులున్నారు. అతను గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"ఏమప్పా శ్రీకాంతూ, మీ నాయన గొర్రుతో మా నాయన విత్తినాడు. నేనూ విత్తినా. నిరుటి దాకా మా గుంటక సాళ్ల మధ్యన పాము పోయినట్ల పోతాండె. ఈ తూరి సాలు ఇరుకుండాది. గడ్డి తీద్దామని గుంటక తోల్తే మొక్కే లేసొస్తాండాది. ఇది మీ నాయన గొర్రేనా?"

బల్ల మీది మొక్కలు ఏరి మళ్లీ సంచిలో పెట్టాను.

పొద్దున్నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. పదిహేడు మంది. నక్షత్రాలు ఒకటికి వచ్చాయి. ఒకాయన నాన్న పేరు రాసి, పక్కన ఒక మాట రాశాడు. ఆ మాట ఈ కాగితం మీద పెట్టలేను. వెబ్‌సైటు వాళ్లు మన పేజీ ఆపేశారు.

జయకుమార్ గొర్లన్నీ మళ్లీ కొలిచాడు. మీ గోడ మీది కర్రలకు వెంట్రుక వాసి తేడా లేదు. అంటే తప్పు కర్రల్లోనే ఉంది. మా వాడు కొలవడానికి వస్తాడని తెలిసి ముందే కర్రలు కోసి పెట్టారా? ఒక్కొక్కటీ కోయించి, మళ్లీ మేకుకు తగిలించి, పక్కన దీపం పెట్టుకుని అష్టోత్తరం చదివారా? ఇంత నెమ్మదస్తురాలికి అంత ఓపిక ఉంటుందని నాకు నమ్మకమే.

ఇక పొత్తు వద్దు. కాగితాలు రాయించి పంపుతాను. అమ్మ ముందు సంతకం పెట్టండి.

ఆ కొట్టేసిన వరుసలో ఏముందో ఇప్పుడైనా చెప్పే ధైర్యం ఉంటే చెప్పండి.

శ్రీకాంత్


కర్నూలు,
29 జూలై 2024

తమ్ముడు శ్రీకాంత్‌కు,

కర్రలు నేను కోయలేదు. నాన్న కోశాడు. నువ్వప్పుడు కడప హాస్టల్లో చదువుకుంటున్నావు.

ఆ రోజుల్లో మన దగ్గర పని మానేసి పోయినవాళ్లు కర్రలు కొలుచుకుపోయి, ఎదురుగా షెడ్డు పెట్టి అవే గొర్లు చేసేవాళ్లు. నాన్న ఊరూరా తిరిగి, ఆ ఊరి గుంటకలు కొలిచి, వాటికి సరిపోయే సాలు చూసి ఒక్కో కర్ర తయారు చేసుకున్నాడు. అది దొంగిలిస్తే ఓర్చుకోలేకపోయాడు. ఒక ఆదివారం కూర్చుని అన్ని కర్రలూ రెండు వేళ్ల మేర కోసేశాడు. అప్పటి నుంచి కర్ర పెట్టి, కొసకు రెండు వేళ్లు ఆనించి, వేళ్ల అవతల గీత గీయాలి. చూసేవాళ్లకు కర్ర కదలకుండా పట్టుకున్నట్టే ఉంటుంది. మారెన్నను పనిలో పెట్టుకునేటప్పుడు నాన్న వాడి చెయ్యి పట్టుకుని తన వేళ్ల పక్కన వేళ్లు పెట్టి చూశాడు. సరిపోయాయి. అందుకే పెట్టుకున్నాడు.

జయకుమార్ తీసిన ఫోటోల్లో మారెన్న వేళ్లు ఉంటాయి. తీసి చూసుకో.

ఇది తెలిసినవాళ్లం ఇద్దరం. మారెన్న, నేను. శ్రీకాంత్ షెడ్డులోకి పనికి దిగిన రోజు చెప్పమని నాన్న నాతో అన్నాడు. నువ్వు దిగలేదు. నేను దాన్ని సాకు చేసుకున్నాను.

నలభై ప్రశ్నల్లో ఇరవైఏడింటికి లేదన్నాను. ఇరవైఆరు నిజం. ముప్పై ఒకటోది అబద్ధం. ఆ ఒక్క 'లేదు'కే నాకు మార్కులొచ్చాయి. రిపోర్టులో చూసుకున్నాను.

జయకుమార్ కొలుస్తున్నప్పుడు నాకు తెలుసు. నువ్వు అక్కడ గొర్లు చేయిస్తానని రాసినప్పుడు ఇంకా బాగా తెలుసు. ఏప్రిల్‌లో ఇట్లా రాశాను: 'కర్రకు రెండు వేళ్లు కలుపుకో, లేకుంటే సాలు ఇరుకవుతుంది.' రాసి, నీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదివాను. చుట్టానికి వేసిన కుర్చీ గురించి రాసిన చోటు. అది చదివి కొట్టేశాను. ఒకటి రెండు గొర్లు చేసి, సరిపోక, నా దగ్గరికి వస్తావనుకున్నాను. వచ్చి అడుగుతావనుకున్నాను. నలభై ఆరు అవుతాయనుకోలేదు. జూన్‌లో అయ్యాయని తెలిసీ రాయలేదు. అప్పటికే విత్తేసి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. అందరూ విత్తి ఉండరు.

నిన్న ఆలూరు నుంచి ఓబన్న వచ్చాడు. నాన్న పేరు చూసి నీ దగ్గర కొన్నాడు, నాన్న ఇల్లని నా దగ్గరికి వచ్చాడు. "దుడ్లు పోతే పోయెనమ్మా, ఈ కారు పంట పోతాండాది. పిల్లోల్లకు ఏం జెప్పల్ల?" అన్నాడు. అన్నం తినమంటే తినలేదు. నీళ్లు కూడా ముట్టలేదు.

కోపం ఉన్నన్నాళ్లూ నేను పూజ మానలేదు. అది కూడా నీకు చెప్పాలి.

కాగితాలు తెచ్చుకో. ఆదివారం రా. లక్ష్మీప్రియను కూడా తీసుకురా.

సిద్దమ్మ


కడప,
1 ఆగస్టు 2024

ఫోటోలు తీసి చూశాను. నలభై రెండు ఫోటోలు. అన్నిట్లోనూ మారెన్న వేళ్లున్నాయి.

పనివాడికి చెప్పారు. కూతురికి చెప్పారు. కొడుక్కు చెప్పలేదు. షెడ్డులోకి దిగలేదంటున్నావు. డిగ్రీ అయ్యాక దిగుతానంటే 'నువ్వు చదువుకున్నోడివి, కడప దుకాణం చూసుకో' అని బస్సెక్కించింది ఎవరు? నాన్న పక్కన నిలబడి నా పెట్టె అందించింది ఎవరు?

వస్తాను. మాట్లాడటానికి కాదు. సంతకాలకు.

శ్రీకాంత్


కర్నూలు,
5 ఆగస్టు 2024

చిరంజీవి శ్రీకాంత్‌కు,

నిన్న మధ్యాహ్నం నువ్వు వెళ్లిపోయాక జరిగింది నీకు తెలియాలి. ఈ ఉత్తరం అందేలోగా లక్ష్మీప్రియ కడప చేరి చెప్పే ఉంటుంది. అయినా నేను రాస్తానని అమ్మతో చెప్పాను.

నువ్వు రాగానే ఇంట్లోకి కూడా రాకుండా షెడ్డుకు పోయావు. కమలాపురం కర్ర దించి, నీ వేళ్లు రెండు పక్కన పెట్టి చూసుకున్నావు. మారెన్న ఊరుకుని ఉండాల్సింది. "నీయి సన్నమప్పా. మూడు పెట్టల్ల" అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు. కొలత చెప్పాడు. నువ్వు కర్ర నేలకేసి కొట్టావు. అమ్మ వాకిట్లో నిలబడి, "యాడికి పోతాండావురా, అన్నమన్నా తిని పో" అంటే వినిపించుకోకుండా కారెక్కావు. కాగితాలు బల్ల మీద వదిలేశావు. పెట్టె అందించింది నేనే. నువ్వు రాసింది నిజం. ఆ పొద్దున నువ్వు పోతే షెడ్డు నాకు మిగులుతుందని అనుకున్నాను.

సాయంత్రం దీపం పెట్టాక నడవలో కూర్చున్నాం. అమ్మ, లక్ష్మీప్రియ, మారెన్న, నేను. అమ్మ నన్ను కింద కూర్చోమంది. ఇన్నేళ్లలో నన్ను అట్లా కూర్చోబెట్టింది లేదు.

జరిగిందంతా చెప్పాను. అమ్మ దీపం వత్తి ఎగదోసింది. తర్వాత మారెన్నను అడిగింది, "ఇరుకు సాళ్లల్లో పోయే గుంటక చేయలేవా?" అని. మారెన్న తల గోక్కున్నాడు. "గుంటక అల్కు రెండు వేళ్లు కురచ జేస్తే పోతాది పెద్దమ్మా. మాకు తోచలేదు సూడు" అన్నాడు. నాకూ తోచలేదు. నీకూ తోచలేదు. మనం ఒకరి తప్పు ఒకరం పట్టుకుని కూర్చున్నాం.

నిర్ణయించింది ఇది.

నలభై ఆరు ఇళ్లకూ ఇనుప అలుగు కురచగా ఉండే గుంటకలు చేసి ఇస్తాం. మారెన్న ఈ పొద్దున మొదలుపెట్టాడు. రెండో తూరి గడ్డి తీసేలోగా అందాలి. లేచిపోయిన మొక్కలకు మనం చేయగలిగింది లేదు. కోత అయ్యాక గొర్లన్నీ వెనక్కు తెచ్చి సాళ్లు సరిచేస్తాం.

గుంటకలు మోసుకుని ప్రతి ఊరికీ నేనే వెళ్లాలి. ప్రతి వాకిట్లో నిలబడి, తప్పు మా తమ్ముడిది కాదు, తెలిసీ చెప్పని నాది అని చెప్పాలి. ఇది అమ్మ మాట. మొదట ఆలూరు, చివర కమలాపురం.

ఫోన్‌లో అమ్మకం తప్పని ఎవరూ అనలేదు. వచ్చే ఏడు పేజీ తెరిచినప్పుడు, రైతు తన గుంటక వెడల్పు కొలిచి రాశాకే ఆర్డరు తీసుకోవాలని లక్ష్మీప్రియ అంది. ఆ ప్రశ్న అరుణ్ కుమార్ నలభైలో లేదు. మారెన్న, "అట్లయితే సూడకుండానే కొనొచ్చు" అన్నాడు. వాడు ఒప్పుకున్నాడంటే నేనూ ఒప్పుకున్నట్టే.

పొత్తు విషయం. విడిపోవడానికి అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోదని ఆశపడ్డాను, కానీ అడగలేదు. కడప నీది, కర్నూలు నాది. పేరు ఇద్దరిదీ. సంతకం పెట్టాను, అమ్మ వేలిముద్ర వేసింది. కాగితాలు ఇందులో ఉన్నాయి. నీ మీద నాకు కోపం పూర్తిగా పోలేదు. నీకూ పోనక్కర్లేదు.

వచ్చే మార్చిలో అరుణ్ కుమార్‌ను ఈ షెడ్డుకు మళ్లీ పిలుస్తాను. ఎన్ని మార్కులొస్తాయో తెలియదు. ముప్పై ఒకటో ప్రశ్నకు అప్పుడు కూడా లేదనే అంటాను. అప్పటికి అది నిజమై ఉంటుంది.

నాన్న కర్రలు ఇక గోడ మీద ఉండవు. లక్ష్మీప్రియ టేపు పట్టుకుంటే, మారెన్న వేళ్లతో సహా కొలిచి, కొత్త కర్రలు రెండు జతలు కోశాం. ఒక జత ఆర్టీసీ కార్గోలో నీకు పంపుతున్నాను. ఊరి పేరు కింద అంకె కూడా రాశాను.

వాటి పక్కన వేళ్లు పెట్టకు.

అక్క
సిద్దమ్మ